పాత తూటాల పెట్టెలు: గుర్తులు చదవడం ఎలా?

ప్రశ్న: నా దగ్గర అమెరికన్ సైన్యం ఎం2ఏ1 ఉక్కు పెట్టె ఉంది. ఇది 50 కాలిబర్ (అర అంగుళం వ్యాసం) తూటాల పెట్టె అంటారు. పసుపు రంగుతో మాత్రం 5.56 ఎంఎం, 840 అని వేసి ఉంది. ఏది నమ్మాలి?

జవాబు: రెండూ నిజమే. లోహంలో ఒత్తిన అక్షరాలు పెట్టె గురించి చెబుతాయి, రంగుతో వేసినవి లోపలి సరుకు గురించి. ఈ తేడా పట్టుకుంటే సగం చిక్కులు విడిపోతాయి. ఎం2ఏ1లో లోహపు లింకులతో గొలుసులా కలిపిన 50 కాలిబర్ తూటాలు 100 పడతాయి. తర్వాత అదే పెట్టెలో 5.56 తూటాలను, గుడ్డపట్టీకి 140 చొప్పున ఆరు పట్టీలు సర్దారు. అదే ఆ 840.

ఇక లాట్ నంబరు, అంటే ఏ ఫ్యాక్టరీలో ఏ విడతలో తయారైందో చెప్పే సంఖ్య చూడండి. ఎల్‌సీ అంటే మిస్సోరిలోని లేక్ సిటీ ఫ్యాక్టరీ, టీడబ్ల్యూ అంటే మిన్నెసోటాలోని ట్విన్ సిటీస్. కొత్త పద్ధతి లాట్లలో ఈ అక్షరాల వెంటే రెండంకెల సంవత్సరం, ఆపైన నెలను చెప్పే అక్షరం ఉంటాయి. ఎల్‌సీ-83కే అని మొదలైతే 1983 అక్టోబరు. కే పదకొండో అక్షరం కాబట్టి నవంబరు అనుకుంటారు, చాలామంది తప్పు చదివేది ఇక్కడే. ఒకటి అంకెలా కనిపించే ఐని వాడరు. అందుకే ఆగస్టుకు హెచ్, సెప్టెంబరుకు జే, డిసెంబరుకు ఎం. పాత లాట్లలో ఫ్యాక్టరీ అక్షరాల వెనక ఉండేది వరుస సంఖ్య మాత్రమే, దాన్నుంచి తేదీ లాగాలని చూడకండి.

ప్రశ్న: బాణం గుర్తు, దాని కింద ఐ అక్షరం ఉన్నాయి. ఏమిటవి?

జవాబు: ఆ వెడల్పాటి బాణం బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తి ముద్ర. కింద ఐ ఉంటే భారత ప్రభుత్వానిది. సీ లోపల బాణం కెనడాది, రెండు డీల నడుమ బాణం ఆస్ట్రేలియాది. బ్రిటిష్ 303 రైఫిల్ తూటాల పెట్టె అయితే మార్క్ 7 అనే రకం పేరు పక్కన చిన్న జెడ్ ఉందేమో కూడా చూడండి. ఉంటే అందులోది కార్డైట్ అనే పాత రకం తూటా మందు కాదు, నైట్రోసెల్యులోజ్ మందు. జీ ట్రేసర్‌కు (వెలుగు చారతో దారి చూపే తూటా), డబ్ల్యూ కవచాన్ని ఛేదించే రకానికి, బీ నిప్పంటించే రకానికి.

ప్రశ్న: అమ్మే ఆయన 1944 నాటి పెట్టె అంటున్నాడు. మీద 1305తో మొదలయ్యే పదమూడంకెల సంఖ్య ఉంది.

జవాబు: అది సైనిక సరుకును గుర్తించే స్టాక్ నంబరు. పదమూడంకెలది 1974లో వచ్చింది, అంతకు ముందు పదకొండంకెలే. కాబట్టి పెట్టె 1944దే అయినా ఆ రాత మాత్రం అప్పటిది కాదు. వృత్తంలో శిలువ ఉండే నాటో ముద్ర కూడా అంతే, నాటో పుట్టిందే 1949లో. పెట్టెను మళ్లీ నింపి ఉండవచ్చు, అది మోసం కాదు. మోసం పట్టాలంటే భూతద్దంతో అక్షరాల అంచులు చూడండి. రాత అసలుదైతే దాని మీద పడిన గీత రంగును కోసుకుంటూ పోతుంది. కొత్తగా వేసినది అయితే రంగు గీత లోపలికీ తుప్పు గుంటల్లోకీ దిగి ఉంటుంది.

ప్రశ్న: అక్షరాలు వెలిసిపోయాయి. తుడిస్తే కనిపిస్తాయా?

జవాబు: తుడిచే ముందే చదవండి. గది చీకటి చేసి, టార్చిని పెట్టె గోడకు దాదాపు ఆనించి ఏటవాలుగా వెలుగు పారించండి. స్టెన్సిల్‌తో (అక్షరాలు కత్తిరించిన అచ్చుతో) వేసిన రంగుకు మందం ఉంటుంది కాబట్టి పైన మరో కోటింగు వేసినా అడుగు అక్షరాలు గట్టులా తేలతాయి. అన్ని పక్కల నుంచీ ఫొటోలు తీసుకోండి.

తర్వాత గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల మెత్తని సబ్బు కలిపి, దూది పుల్లతో ముందు అడుగు మూలలో పరీక్షించండి. దూదికి రంగు అంటితే అక్కడితో ఆపేయండి. థిన్నర్, అసిటోన్ జోలికి పోవద్దు, అక్షరాలు కరిగిపోతాయి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ, అందుకే గ్లౌజులు వేసుకోండి, పొడిగా ఇసుక కాగితం పెట్టకండి. అక్షరాలు లేనిచోట తుప్పుకు నాలుగు సున్నాల (0000, అతి సన్నని) స్టీల్ ఊల్, కాస్త పల్చని నూనె చాలు. ఆ నూనె మూత రబ్బరుకు తగలనివ్వకండి, ఉబ్బి బిగుతు పోతుంది. చివర్లో మైక్రోక్రిస్టలిన్ మైనం పల్చగా రాయండి. అవిసె నూనె వద్దు, ఏళ్లు గడిచేకొద్దీ నల్లబడి అక్షరాలను మింగేస్తుంది.

ఒకవేళ లోపల తూటా గానీ, గుర్తుపట్టలేని వస్తువు గానీ కనిపిస్తే తాకకుండా, పెట్టెను కదపకుండా దూరం జరిగి పోలీసులకు చెప్పండి.