కాళ్ల కింద కదిలే రాయి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నాలుగింటిని ఇక్కడ తీసుకున్నాను. నాలుగూ విశాఖపట్నం నుంచి, దాని చుట్టుపక్కల నుంచి వచ్చినవే. నాలుగూ భూపటలానికి, అంటే భూమి పైపెంకుకు, అడుగున ఉండే మందపాటి రాతి పొర (ప్రావారం, ఇంగ్లీషులో మాంటిల్) పైభాగమైన ఎగువ ప్రావారాన్ని గురించినవే. ఒకదాని జవాబు మరొకదానికి ఆసరాగా ఉంటుంది గనుక కలిపి ఇస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. భూమిని కోసి చూపించే బొమ్మలో ప్రావారానికి ఎర్రటి నిప్పు రంగు వేశారు. అదంతా కరిగిన లావాయేనని వాడి నమ్మకం. వాళ్ల మాస్టారు మాత్రం అది గట్టి రాయి అన్నారట. గట్టిదైతే ఖండాలు ఎలా కదులుతాయి? అగ్నిపర్వతాలకు లావా ఎక్కడి నుంచి వస్తుంది?
— ఒక గృహిణి, మద్దిలపాలెం

జవాబు: మాస్టారు చెప్పిందే సరి. ఖండాల కింద సగటున 35 కిలోమీటర్లు, సముద్రాల కింద 7 కిలోమీటర్ల లోతున భూపటలం ముగిసి ప్రావారం మొదలవుతుంది. అక్కడి నుంచి 660 కిలోమీటర్ల దాకా ఉన్నది ఎగువ ప్రావారం. అక్కడక్కడ కొద్దిపాటి కరుగు ఉంటే ఉండవచ్చు గాని, దాదాపు అంతా పెరిడోటైట్ అనే గట్టి రాయే.

ఈ సంగతి మనకు భూకంప తరంగాల వల్ల తెలిసింది. 1909 అక్టోబరులో క్రొయేషియాలో వచ్చిన ఒక భూకంపపు నమోదులను పరిశీలిస్తూ, ఆంద్రియా మొహరోవిచిచ్ అనే శాస్త్రవేత్త దూరపు కేంద్రాలకు ఒకే రకం తరంగాలు రెండు విడతలుగా చేరడం గమనించారు. ఊళ్లోంచి నేరుగా వెళ్లిన ఆటో కంటే, చుట్టు తిరిగినా హైవే ఎక్కిన కారు ముందు చేరినట్టు, కొన్ని తరంగాలు లోతుకు దిగి, అక్కడి బిగువైన రాతిలో వేగం పుంజుకొని ముందుగా బయటపడ్డాయి. ఆ హద్దునే ఇప్పుడు మోహో అంటున్నాం. పైగా, పక్కలకు ఊగుతూ సాగే ఎస్ తరంగాలు ద్రవంలో ప్రయాణించలేవు. అవి ప్రావారమంతటా సాగి, దాని అడుగున ఉన్న బాహ్య కేంద్రమండలం దగ్గర ఆగిపోతాయి. నిజంగా ద్రవంగా ఉన్నది ఆ బాహ్య కేంద్రమండలం. పిల్లల బొమ్మల్లో ప్రావారానికి ఆకుపచ్చ రంగు వేస్తే ఈ అపోహ సగం తొలగిపోతుందని నేను చాలా ఏళ్లుగా అనుకుంటున్నాను, ఎందుకంటే ఆ రాయి అసలు రంగు పచ్చ.

గట్టి రాయి ఎలా కదులుతుందన్న ప్రశ్నకు రోడ్డు పనుల దగ్గర పడి ఉన్న తారు పీపాను చూపించండి. సుత్తితో కొడితే తారు గాజులా పెళ్లలుగా విరుగుతుంది. అదే పీపాను పక్కకు పడవేసి కొన్నాళ్లు వదిలేస్తే మూతి దగ్గర నాలుకలా సాగి నేల మీదికి దిగుతుంది. దెబ్బకు విరిగేది, ఓపికకు సాగుతుంది. అయితే పోలికను ఇంతకు మించి లాగకూడదు: తారు నిజానికి మహా చిక్కని ద్రవం, పెరిడోటైట్ మాత్రం స్ఫటికాల కూర్పు. దాదాపు 1300 డిగ్రీల వేడిలో ఆ స్ఫటికాలలోని లోపాలు మెల్లగా జరుగుతూ ఉంటే, రాయి కరగకుండానే ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున సాగుతుంది. భూమి పైభాగం ఫలకాలనే పెద్ద పెద్ద రాతి పలకలుగా విడిపోయి ఉంది; మన దేశాన్ని మోస్తున్న భారత ఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఉత్తరానికి జరగడానికి అడుగున ఈ సాగే గుణమే అవకాశమిస్తోంది. స్కాండినేవియా మీద ఉన్న మందపాటి మంచు కరిగిపోయి దాదాపు 10 వేల ఏళ్లయినా, బోత్నియా సింధుశాఖ ఉత్తరపు తీరం నేటికీ ఏడాదికి సెంటీమీటరుకు కాస్త తక్కువగా పైకి లేస్తూనే ఉంది. బరువు తీసేశాక అడుగున ప్రావారం మెల్లగా సర్దుకుంటోందన్నమాట.

ఇక లావా సంగతి. కుక్కరులో ఒత్తిడి వల్ల నీరు 120 డిగ్రీల దాకా వేడెక్కినా ద్రవంగానే ఉంటుంది. ఒత్తిడి తగ్గిస్తే, మంట పెంచకపోయినా, భళుక్కున మరుగుతుంది. రాయి కరగడంలోనూ అంతే. భూమి మీద 1100 డిగ్రీలు దాటగానే కరగడం మొదలుపెట్టే పెరిడోటైట్, 100 కిలోమీటర్ల లోతున 1450 డిగ్రీల దరిదాపులకు చేరితే తప్ప కరగదు. నడి సముద్రపు కనుమల కింద ఫలకాలు ఎడమయ్యేకొద్దీ అడుగు రాయి పైకి వస్తుంది, ఒత్తిడి తగ్గుతుంది, అందులో పదో వంతో అయిదో వంతో కరిగి, చల్లారితే బసాల్టు అనే నల్ల రాయిగా గట్టిపడే ద్రవంగా వేరవుతుంది.

రెండో దారి నీరు. పుల్ల ఐసు చేసేవారు మంచులో ఉప్పు కలపడం, ఆ ఉప్పు మంచు సున్నా కంటే తక్కువ ఉష్ణోగ్రతలోనే కరగడం మీకు తెలిసిందే. సముద్రపు ఫలకం మరో ఫలకం కిందికి దిగినప్పుడు అది మోసుకుపోయిన నీరు పైనున్న ప్రావారపు రాతిలోకి ఊరి, దాని ద్రవీభవన స్థానాన్ని ఇలాగే తగ్గిస్తుంది. మన బంగాళాఖాతానికి ఆవలి అంచున, అండమాన్ సముద్రంలో ఉన్న బారెన్ దీవి అగ్నిపర్వతం రాజుకుంటున్నది ఈ విధంగానే.

ప్రశ్న: భీమిలి తీరంలో అల వెనక్కి తగ్గాక ఇసుక మీద ఎర్రని, నల్లని చారలు మిగులుతాయి. ఎర్రవి గార్నెట్లని విన్నాను. ప్రావారంలోనూ గార్నెట్ ఉంటుందని చదివాను. మరి కైలాసగిరి, డాల్ఫిన్స్ నోస్ కొండల రాళ్లు ప్రావారం నుంచి వచ్చినవేనా?
— ఒక డిగ్రీ విద్యార్థి, భీమునిపట్నం

జవాబు: మీ పరిశీలన చక్కగా ఉంది, కాని అక్కడి నుంచి మీరు వేసిన అడుగు తప్పింది. గార్నెట్ అన్నది ఒక ఖనిజం పేరు కాదు, ఒక కుటుంబం పేరు. మీ ఇసుకలోని గార్నెట్‌లో ఇనుము ఎక్కువ. దానిని ఆల్మండైన్ అంటారు. అది వచ్చింది మన కొండల ఖోండలైట్ నుంచి. ఖోండు గిరిజనుల పేరు మీదుగా వచ్చిన ఈ రాయి పుట్టుకలో బంకమన్ను. ఎప్పుడో నీటి అడుగున పేరుకున్న ఆ బురద, తూర్పు కనుమలు రూపొందిన కాలంలో, దాదాపు 100 కోట్ల ఏళ్ల కిందట, భూపటలపు అడుగు భాగాల దాకా కూరుకుపోయి, కొన్నిచోట్ల 900 డిగ్రీలు దాటిన వేడికి గార్నెట్, సిల్లిమనైట్, గ్రాఫైట్ ఉన్న రూపాంతర శిలగా మారింది. సింహాచలం కొండ మీదా ఇదే రాయి. అది చాలా లోతు చూసి వచ్చింది, అయినా మోహో గీత దాటలేదు.

ప్రావారపు గార్నెట్ పైరోప్. అందులో మెగ్నీషియం ఎక్కువ, కొంత క్రోమియం కూడా ఉంటుంది. కొన్ని గింజలకు నేరేడు పండు రసం లాంటి ఊదా ఛాయ వస్తుంది. దానిని వెదకాలంటే అనంతపురం జిల్లా వజ్రకరూరుకు వెళ్లాలి. అక్కడి కింబర్లైట్ గొట్టాలు, అంటే లోతు నుంచి ఎగదన్నిన శిలాద్రవం గట్టిపడిన నిలువు దారులు, సుమారు 110 కోట్ల ఏళ్లనాటివి. 150 కిలోమీటర్లకు మించిన లోతుల నుంచి గంటల్లోనో, కొద్ది రోజుల్లోనో పైకి దూసుకొచ్చిన ఆ శిలాద్రవం దారిలోని ప్రావారపు రాతి ముక్కలను విరిచి వెంట తెచ్చుకుంది. వజ్రాలు వచ్చిందీ ఆ బండి మీదే. నింపాదిగా వచ్చి ఉంటే అవి గ్రాఫైట్‌గా మారిపోయేవి. తొలకరి పడగానే వజ్రకరూరు, తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వంగి నడుస్తూ వెదికేది వజ్రాల కోసమే గాని, భూశాస్త్రం చదివినవారు మొదట వెదికేది పైరోప్ గింజ కోసం. అది కనబడితే దాని వెనుక కింబర్లైట్ ఉండవచ్చు.

ఇలాంటి అతిథి శిలలను జెనోలిత్‌లంటారు. బసాల్టులో ఇరుక్కుని వచ్చిన ఒక పెరిడోటైట్ ముక్కను ప్రయోగశాలలో మొదటిసారి అరచేతిలో పెట్టుకున్న రోజు నాకు ఇంకా గుర్తుంది. పిడికెడంత ఉంది గాని, ఆ పరిమాణానికి అనుకున్న దాని కంటే బరువు. పెసల రంగు ఆలివిన్ గింజలు పలుకులు పలుకులుగా ఒకదానికొకటి అతుక్కొని, మధ్య మధ్య గోధుమ రంగు పైరాక్సీన్, అక్కడొకటి ఇక్కడొకటి ఆకుపచ్చని క్రోమ్ డయాప్సైడ్, నల్లని స్పినెల్ చుక్కలు; ఇవన్నీ ఆ రాతిలోని ఖనిజాలు. ఆ స్పినెల్ చుక్కలే లోతును చెబుతాయి: ప్రావారపు పైభాగంలో అల్యూమినియాన్ని స్పినెల్ పట్టి ఉంచుతుంది, మరింత లోతుకు పోతే ఆ పని గార్నెట్‌ది.

మీరు ఎప్పుడైనా మన ఓడరేవు నుంచి అండమాన్ ఓడ ఎక్కితే, రట్లండ్ దీవిలో ప్రావారపు రాతిని ముక్కగా కాక నేలగానే చూడవచ్చు. ఫలకాల ఒరిపిడిలో సముద్రగర్భం తన అడుగు రాతితో సహా పైకి నెట్టబడిన చోటు అది. నీరు తగిలిన ఆలివిన్ పాము చర్మంలా నున్నని సర్పెంటైన్‌గా మారి కనిపిస్తుంది.

ప్రశ్న: నా ఉంగరంలోని పెరిడాట్ లేత రకం పచ్చేనని దుకాణంలో చెప్పారు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: కాదండీ. నవరత్నాలలోని పచ్చ బెరిల్ అనే వేరే ఖనిజపు జాతి. మీ పెరిడాట్ ఆలివిన్, అంటే పైన చెప్పిన పెసల రంగు గింజే, కాస్త పెద్దదిగా, పగుళ్లు లేకుండా దొరికినది. పచ్చ కంటే మెత్తన; ఆమ్లాలు తగలనివ్వకండి.

ప్రశ్న: భూమి లోపల 600 కిలోమీటర్ల లోతున మహాసముద్రం ఉందని ఫోనులో ఒక వీడియో వచ్చింది. అది పొంగితే మన తీరానికి ప్రమాదమా?
— ఒక విశ్రాంత ఉద్యోగి, పెందుర్తి

జవాబు: అక్కడ అలలున్న సముద్రమేదీ లేదు గనుక ఆ భయం అక్కరలేదు. 410 కిలోమీటర్ల దగ్గర ఒత్తిడికి ఆలివిన్ తన పరమాణువుల అమరిక మార్చుకొని వాడ్స్‌లైట్ అవుతుంది, 520 దరిదాపుల్లో రింగ్‌వుడైట్ అవుతుంది, 660 దగ్గర అదీ విడిపోయి దిగువ ప్రావారపు ఖనిజాలుగా మారుతుంది. 2014లో బ్రెజిల్‌లోని జుయీనా ప్రాంతపు వజ్రంలో చిక్కిన ఒక రింగ్‌వుడైట్ రేణువును పరీక్షించగా, దాని బరువులో సుమారు ఒకటిన్నర శాతం నీరు ఉన్నట్టు తేలింది. వీడియో పుట్టింది ఆ వార్త నుంచే.

ఆ నీరు ఎలాంటిదంటే, పటికను పెనం మీద పొంగించడం మీ ఇంట్లో చూసే ఉంటారు. చేతికి పొడిగా, గాజు ముక్కలా తగిలే పటిక వేడెక్కగానే నీరు కక్కి బుడగలెత్తుతుంది. ఆ నీరంతా స్ఫటికంలో భాగంగా దాగి ఉన్నదే. రింగ్‌వుడైట్‌లో ఇంకా కట్టుదిట్టం: అక్కడ నీరు నీటి అణువుగా కూడా ఉండదు, హైడ్రోజన్, ఆక్సిజన్ జంటలుగా స్ఫటికంలో కలిసిపోయి ఉంటుంది. అంత లోతుకు ఇంతవరకు ఏ బరమా దిగలేదు. రష్యాలోని కోలా బావి 1989లో 12,262 మీటర్లకు చేరి, భూపటలం కూడా దాటకుండానే ఆగిపోయింది. అట్లాంటిక్ అడుగున ప్రావారపు రాయి పైకి ఎత్తబడి ఉన్న చోట 2023లో 1,268 మీటర్ల దాకా తవ్వి గుండ్రని రాతి కండెలు (బరమా కోసి తెచ్చిన నమూనాలు) తీశారు. వాటిలోనూ కనిపించింది నీరు పట్టి సర్పెంటైన్‌గా మారిన పెరిడోటైటే.