గుడ్లగూబ నూగు, గాలిమర చప్పుడు

ప్రశ్న: మా ఊరి గుట్టల మీద గాలిమరలు ఉన్నాయి. పగలు అంతగా తెలియదు గానీ, రాత్రి ఊరు సద్దుమణిగాక రెక్క కిందికి దిగిన ప్రతిసారీ ‘హుష్’మనే చప్పుడు ఇంట్లోకి వినిపిస్తుంది. గుడ్లగూబ ఈకలను పోలిన మెత్తని పూత వేస్తే ఇది తగ్గుతుందని చదివాను. నిజమేనా? ఆ పూత శబ్దాన్ని పీల్చుకుంటుందా?
– ఒక పాఠకుడు, అనంతపురం జిల్లా

జవాబు: మీ రెండో ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే చాలామంది పొరబడేది అక్కడే. సినిమా హాలు గోడలకు బిగించే మెత్తని పలకలు అప్పటికే పుట్టిన శబ్దాన్ని పీల్చుకుంటాయి. గుడ్లగూబ రెక్క మీది నూగు అంతకంటే ముందే, శబ్దం పుట్టే చోటనే పనిచేస్తుంది. రెక్కను ఆనుకుని సాగే పలుచని గాలి పొర నిండా చిన్నా పెద్దా సుడులు ఉంటాయి. అవి బయలు గాలిలో తిరిగినంతసేపూ చేసే శబ్దం చాలా తక్కువ. గట్టిగా, పదునుగా ఉండే వెనుక అంచును దాటే క్షణంలో మాత్రం, రెక్కకు పైనా కిందా ఉన్న పీడనాలు ఒక్కసారిగా సర్దుకోవలసి రావడం వల్ల, ఆ కుదుపు శబ్ద తరంగమై దూరాలకు పాకుతుంది. మీరు వింటున్న చప్పుడులో ఎక్కువ భాగం ఇదే. దీని శక్తి వేగపు ఐదో ఘాతాన్ని అనుసరించి పెరుగుతుందని 1970లో ఫౌక్స్ విలియమ్స్, హాల్ లెక్కగట్టారు. అంటే వేగం రెట్టింపైతే శబ్దశక్తి 32 రెట్లు, సుమారు 15 డెసిబెల్‌లు పెరుగుతుంది. గాలిమర రెక్క మొదలు కంటే కొసభాగం ఎక్కువ చప్పుడు చేసేది అందుకే.

గుడ్లగూబ రెక్కలోని మూడు ప్రత్యేకతలను 1934లోనే బ్రిటన్‌లో ఆర్. ఆర్. గ్రాహం వివరించారు: ముందు అంచున దువ్వెన పళ్ళు, వెనుక అంచున మెత్తని కుచ్చు, పైభాగమంతా మఖమలు లాంటి నూగు. ఈ మూడింటిలో నూగు కథ చాలాకాలం తేలలేదు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన నైజెల్ పీక్, అమెరికాలోని మూడు విశ్వవిద్యాలయాల పరిశోధకులతో కలిసి ఆ నూగును సూక్ష్మదర్శినితో పరిశీలించినప్పుడు, సన్నని పోగులు ఈక మీద నిలువుగా లేచి, కొసలు గాలి వాలుకు వంగి, అడవిలో చెట్ల కొమ్మలు కలిసినట్టుగా ఒక పందిరి కట్టి ఉండటం కనిపించింది. క్రైస్తవ వధువులు ధరించే మేలిముసుగు వంటి పలుచని వల బట్టను గరుకు ఉపరితలానికి కాస్త ఎత్తులో పరచి వారు విండ్ టన్నెల్‌లో పరీక్షించగా, ఆ గరుకుదనం వల్ల పుట్టే శబ్దం 30 డెసిబెల్‌ల వరకు తగ్గింది. పందిరి సుడులను గట్టి ఉపరితలానికి ఎడంగా నిలబెట్టడమే ఇందులోని కిటుకు.

అయితే వల బట్టను గాలిమరకు కట్టలేము కదా. అందుకని ఆ బృందం వెనుక అంచు దగ్గర, గాలి వాలు వెంబడి వరుసగా నిలిచే సన్నని గట్లను త్రీడీ ప్రింటింగ్‌తో తయారుచేసింది. 2015లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, రెక్క పనితీరు చెప్పుకోదగినంతగా చెడకుండానే శబ్దం 10 డెసిబెల్‌లు తగ్గింది. అంటే శక్తి పదో వంతుకు పడిపోతుంది, చెవికి చప్పుడు దాదాపు సగమైనట్టు తోస్తుంది. నిద్ర చెడుతున్న ఇంటికి ఇది చిన్న మేలు కాదు.

ఇక మీ మొదటి ప్రశ్న. మెత్తని పూత మీ గుట్ట మీదికి రావడం అంత సులువని నేను అనుకోను. గుడ్లగూబ సెకనుకు పది మీటర్ల లోపు వేగంతో తేలుతూ పోతుంది. పెద్ద గాలిమర రెక్క కొస 80 మీటర్ల వేగంతో దుమ్మునూ, వాననూ, పురుగులనూ ఏళ్ళ తరబడి ఢీకొంటుంది. పైగా పక్షి పాత ఈకలను రాల్చి కొత్తవి తొడుక్కుంటుంది, యంత్రానికి ఆ వీలు లేదు. అందువల్ల ఇప్పటికి వాడుకలో ఉన్నది గట్టి ప్లాస్టిక్‌తో చేసిన రంపపు పళ్ళ పట్టీ. దాన్ని రెక్క కొసవైపు వెనుక అంచుకు అతికిస్తారు. రాత్రివేళ రెక్కల వేగం కొద్దిగా తగ్గించినా, ఐదో ఘాతం లెక్కన, ఫలితం బాగానే ఉంటుంది: వేగంలో పదో వంతు తగ్గితే రెండు డెసిబెల్‌లకు పైగా తగ్గుతుంది. బైనాక్యులర్‌తో మీ గాలిమర రెక్క కొసను చూడండి. అక్కడ రంపపు పళ్ళు లేకపోతే, వాటిని అమర్చమనీ, రాత్రి వేగం తగ్గించమనీ నిర్వాహకులను గ్రామం తరఫున రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న: గుడ్లగూబలన్నీ నిశ్శబ్దంగానే ఎగురుతాయా?
– ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: లేదు. మన చెరువుల, వాగుల దగ్గర చేపలు పట్టే గోధుమరంగు గుడ్లగూబ జాతికి ఆ దువ్వెన పళ్ళూ, మెత్తని కుచ్చూ సరిగా ఉండవు; దాని రెక్కల చప్పుడు వినిపిస్తుంది. గాలిలో పుట్టిన శబ్దం నీటి ఉపరితలం దగ్గర చాలావరకు వెనక్కి మళ్ళుతుంది కాబట్టి, చేపకు ఆ రాక తెలియదు. చిట్టెలుకను వేటాడే గుడ్లగూబకు అలా కుదరదు: ఎలుక వినకూడదు, ఎలుక చేసే చిన్న అలికిడి తన రెక్కల చప్పుడులో తనకే వినబడకుండానూ పోకూడదు.