వార్డు సందేహాలు: గాజు గొట్టం ఎందుకు, ప్లాస్టిక్ ఎందుకు పనికిరాదు?

బుడ్డల (వేరుశనగ) చేలల్లో కలుపు పనులు మొదలైతే చాలు, మా దగ్గర పాముకాటు కేసులు పెరుగుతాయి. ఈ శీర్షికకు వచ్చే ప్రశ్నలూ అటే తిరుగుతాయి. అందుకే ఈసారి ఎక్కువ చోటు దానికే పోయింది, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మేడమ్, నేను జి.ఎన్.ఎం. (నర్సింగ్ డిప్లొమా) రెండో సంవత్సరం. పోస్టింగ్‌లో ఉండగా, రాత్రిపూట చేనికి నీళ్లు కట్టడానికి పోయి పాము కరిచిన ఒకాయన్ని తెచ్చారు. ఏ పామో ఎవరూ చూడలేదు. రక్తం గాజు గొట్టంలో పోసి ఇరవై నిమిషాలు ఉంచమన్నారు డాక్టర్. గాజుది కనిపించక ప్లాస్టిక్ దాంట్లో పోశాను, గడ్డకట్టలేదు. అది చెల్లదని మళ్లీ గాజుదాంట్లో చేయిస్తే గడ్డకట్టింది. అందరి ముందూ తిట్లు పడ్డాయి గానీ కారణం మాత్రం ఎవరూ చెప్పలేదు. (అనంతపురం జిల్లా)

జవాబు: తిట్టినంత సేపట్లో కారణం చెప్పేయొచ్చు తల్లీ, రెండు నిమిషాల పని.

విషం వల్ల రక్తం గడ్డకట్టే గుణం పోయిందా అని చూసే ఈ పరీక్షలో గాజు ఉత్త గిన్నె కాదు, అది కూడా పనిచేస్తుంది. రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్లని ఫ్యాక్టర్లంటారు, గాజు తగలగానే వాటిలో పన్నెండోది ఉత్తేజితమవుతుంది, అది పదకొండోదాన్ని, అది తొమ్మిదోదాన్ని కదిలిస్తూ పోతే చివరికి రక్తంలో కరిగి ఉండే ఫైబ్రినోజెన్ కాస్తా ఫైబ్రిన్ అనే పోగులుగా మారి రక్తం ముద్దకడుతుంది. ఫస్టియర్ ఫిజియాలజీలో బట్టీపట్టిన ఆ గొలుసే ఇది. ప్లాస్టిక్‌కి ఆ గుణం చాలా తక్కువ, కాబట్టి ఏ పామూ కరవని మనిషి రక్తం కూడా అందులో ఇరవై నిమిషాలకి నీళ్లలాగే ఉండిపోవచ్చు. మీరేమో విషం ఎక్కిందనుకుని ఎ.ఎస్.వి. (పాము విషానికి విరుగుడు మందు) ఎక్కించేస్తారు. సబ్బుతో కడిగిన గాజు గొట్టంతోనూ ఇదే తంటా, గోడలకి అంటుకున్న సబ్బు గాజు గుణాన్ని చెడగొడుతుంది. అందుకే కొత్తది, శుభ్రమైనది, పూర్తిగా పొడిగా ఉన్నది కావాలంటారు.

సిర నుంచి 2 మిల్లీలీటర్లు తీసి గొట్టంలో పోసి, నిలబెట్టి వదిలేయండి. మధ్యమధ్యలో ఎత్తి చూడటం, ఊపడం వద్దు. సరిగ్గా 20 నిమిషాలకి ఒక్కసారి వంచండి. జారిపోతే గడ్డకట్టనట్టే. గొట్టం మీద అనుమానం ఉంటే, వెంట వచ్చిన వాళ్లలో ఒప్పుకున్నవాళ్ల రక్తం ఇంకో గొట్టంలో పోసి పక్కన పెట్టుకోండి. అది కూడా గడ్డకట్టకపోతే తప్పు గొట్టానిది.

ఇప్పుడు మీరు అడగని అసలు సంగతి. గడ్డకట్టింది కదా అని ఊపిరి పీల్చుకోకూడదు. ఈ పరీక్ష పట్టుకునేది పింజర జాతి పాముల విషాన్ని. రక్తపింజర విషం పదో ఫ్యాక్టర్‌నీ ఐదో ఫ్యాక్టర్‌నీ, చిన్న పింజర విషం ప్రోత్రాంబిన్ అనే ఇంకో గడ్డకట్టే ప్రోటీన్‌నీ అదేపనిగా రెచ్చగొట్టి, ఒంట్లో ఉన్న ఫైబ్రినోజెన్ అంతా ఖర్చు చేయించేస్తాయి. ఆ తర్వాత గొట్టంలో గడ్డకట్టడానికి ఏమీ మిగలదు. నాగుపాము, కట్లపాముల దారి వేరు, వాటి విషం నరాల మీద పనిచేస్తుంది కాబట్టి గొట్టంలో రక్తం చక్కగా గడ్డకట్టినా మనిషి ఊపిరాడక చనిపోవచ్చు. కట్లపాముతో మరీ మోసం. రాత్రి నేల మీద పడుకున్నవాళ్లని కరుస్తుంది, వాపు ఉండదు, నొప్పి పెద్దగా ఉండదు, కాటు గుర్తు కూడా ఒక్కోసారి కనపడదు. తెల్లారేసరికి కడుపునొప్పి, వాంతులు అంటారు, ఇంట్లోవాళ్లు గ్యాస్ మాత్ర ఇచ్చి పడుకోబెడతారు. కాసేపటికి రెప్పలు వాలడం మొదలవుతుంది. అందుకని పైకి చూడమనండి, రెప్పలు వాలుతున్నాయా? దిండు మీద నుంచి తల ఎత్తమనండి, ఎత్తగలడా? ఒక్క ఊపిరిలో ఒకటి, రెండు, మూడు అని ఎంతదాకా లెక్కపెట్టగలడో చూసి రాసుకోండి. అరగంట తర్వాత ఆ అంకె తగ్గితే వెంటనే డాక్టర్‌ని పిలవాలి. దీనికి గొట్టమూ అక్కర్లేదు, ల్యాబూ అక్కర్లేదు.

ఎ.ఎస్.వి. గురించి కూడా నాలుగు ముక్కలు. మన దేశంలో వాడే మందు ఈ నాలుగు పాములకీ కలిపి ఒకటే, అంటే పాము దొరకలేదని ఆగక్కర్లేదు. చంపి సంచిలో వేసుకుని రావడం అంతకన్నా అక్కర్లేదు, ఆ ప్రయత్నంలో రెండో మనిషి కాటు తింటాడు. గుర్రాల్లో తయారయ్యే మందు కాబట్టి కొందరికి తీవ్రమైన రియాక్షన్ వస్తుంది, ఆ రియాక్షన్‌కి విరుగుడైన అడ్రినలిన్ సిరంజిలో ఎక్కించి పక్కన పెట్టుకున్నాకే మొదలుపెట్టాలి. చిన్నపిల్లలకి డోసు తగ్గించరు. పాము పిల్లాడని తక్కువ విషం వదల్లేదు కదా. ఎక్కించాక రక్తం మళ్లీ ఆరు గంటలకి పరీక్షిస్తారు, లివర్ కొత్త ఫ్యాక్టర్లు తయారు చేసుకోవడానికి సుమారు అంత టైము పడుతుంది. అరగంటకోసారి గొట్టం పెట్టి "ఇంకా గడ్డకట్టలేదు, ఇంకో పది వయల్స్" అనే టెన్షన్ దీనివల్ల తప్పుతుంది.

గట్టిగా కట్టు కట్టి, బ్లేడుతో కోసి, పసరు మింగించి, మంత్రం వేయించి ఆ తర్వాత తెస్తారు మన ఊళ్లల్లో. వాళ్ల మీద అరవకండి, అరిస్తే ఎప్పుడు కరిచిందో, ఏం మింగించారో దాచేస్తారు.

ప్రశ్న: నేను డి.ఎం.ఎల్.టి. (ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు) చదువుతున్నా. ఒకామె హిమోగ్లోబిన్ 5 వచ్చింది, మనిషి తెల్లగా పాలిపోయింది, నాలుగడుగులు వేస్తే ఆయాసం. వేలికి పెట్టిన ఆక్సీమీటర్ మాత్రం 99 చూపిస్తోంది. మిషన్ పాడైందా? (కర్నూలు)

జవాబు: మిషన్ బాగుంది. అది చెప్పేది ఉన్న హిమోగ్లోబిన్‌లో ఎంత శాతానికి ఆక్సిజన్ అంటుకుందనే. హిమోగ్లోబిన్ ఎంత ఉందో దానికి తెలియదు. కర్నూలు బస్టాండ్ నుంచి పదిహేను బస్సులు పోవాల్సిన రూటులో ఐదే పోతున్నాయనుకోండి, ఐదూ కిటకిటలాడుతుంటే సీట్లు నూటికి నూరు నిండినట్టే, ఊరు చేరే జనం మాత్రం మూడో వంతు. ఒక గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. 15 గ్రాములున్న మనిషికి 100 మిల్లీలీటర్ల రక్తంలో 20 దాకా, ఈమెకి 7 కూడా ఉండదు. అన్నట్టు, మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని స్పృహ తప్పినవాళ్లకి కూడా మామూలు ఆక్సీమీటర్ బాగానే చూపిస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ అంటుకున్న హిమోగ్లోబిన్‌ని అది ఆక్సిజన్ అంటుకున్నదిగానే లెక్కేస్తుంది.

ప్రశ్న: బి.ఎస్సీ. నర్సింగ్ చదువుతున్నా మేడమ్. మా అవ్వకి ఒకచోట బీపీ 158/96 అన్నారు, అదే రోజు ఇంకోచోట 136/84. ఏది నమ్మాలి? (కడప)

జవాబు: అవ్వ కాస్త ఒళ్లున్న మనిషా? అయితే మొదటి అనుమానం కఫ్ మీద, అంటే చేతికి చుట్టే పట్టీ మీద. లోపలుండే రబ్బరు సంచి పొడవు చేయి చుట్టుకొలతలో 80 శాతం, వెడల్పు 40 శాతం ఉండాలి. లావు చేతికి చిన్న కఫ్ చుడితే లేని బీపీ కనిపిస్తుంది. తర్వాత, బస్సు దిగి మెట్లెక్కి వచ్చిన మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి వెంటనే చూశారా? అయిదు నిమిషాలు కూర్చోనివ్వాలి, వీపుకి ఆనుకోను ఉండాలి, పాదాలు నేలకి ఆనాలి, కాలు మీద కాలు ఉండకూడదు, చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. ఆ అరగంట లోపు టీ తాగి ఉండకూడదు. మూత్రం వస్తుంటే పోయి రమ్మనాలి. చూస్తున్నంతసేపూ "ఏమ్మా, ఏ ఊరు, ఎంతమంది పిల్లలు" అని అడగకూడదు, మాట్లాడితే పెరుగుతుంది. వీటిలో నాలుగైదు కలిస్తే మీరు చెప్పిన తేడా తేలిగ్గా వస్తుంది.

చెవికి స్టెత్ పెట్టే ముందు మణికట్టు దగ్గర నాడి పట్టుకుని గాలి కొట్టండి. నాడి ఆగిన చోటుకి ఇంకో 20, 30 పైకి తీసుకెళ్లి, ఆ తర్వాత స్టెత్‌తో వింటూ సెకనుకి 2, 3 మిల్లీమీటర్ల చొప్పున దించండి. కొందరు పెద్దవయసు బీపీ పేషెంట్లలో శబ్దం మధ్యలో కాసేపు మాయమై మళ్లీ వస్తుంది. నాడి చూడకుండా తక్కువ దగ్గరే ఆపేస్తే పై అంకె 190 ఉన్నవాళ్లకి 150 అని రాసేస్తారు. మనం వినే ఈ శబ్దాలని 1905లో కొరోట్కాఫ్ అనే రష్యన్ సర్జన్ చెప్పాడు, నూటపాతికేళ్లు కావొస్తున్నా పద్ధతి అదే. రెండుసార్లు చూడండి, మధ్యలో ఒకటి రెండు నిమిషాలు ఆగండి. మొదటిసారి వచ్చినవాళ్లకి రెండు చేతులకీ చూడండి.

ఇంకొకటి. కొన్ని వార్డుల్లో చార్టు తిరగేస్తే ముప్ఫై మందికీ 120/80, 130/80. పాదరసం స్కేలు మీద గీతలు రెండేసి మిల్లీమీటర్లకి ఉంటాయి, 124, 136, 142 లాంటివి కూడా రావాలిగా! అందరికీ సున్నాతోనే ముగిసిందంటే చూడకుండా రాశారనే అర్థం, ఎగ్జామినర్లుగా వచ్చిన మేము ఆ చార్టు చూడగానే పట్టేస్తాం.

ప్రశ్న: ఎండాకాలంలో ఉపాధి పనికి పోయి పడిపోయిన ఒకామెని తెచ్చారు. ఏదేదో మాట్లాడుతోంది. చంకలో థర్మామీటర్ 103 చూపించింది. పారాసిటమాల్ ఇంజెక్షన్ ఇస్తే సరిపోతుందా? (ఎం.బి.బి.ఎస్., కర్నూలు)

జవాబు: సరిపోదు నాయనా. జ్వరంలో మెదడులోని హైపోథాలమస్ తనే ఉష్ణోగ్రత మెట్టు పైకి జరుపుతుంది, ప్రోస్టాగ్లాండిన్ అనే రసాయనం వల్ల. పారాసిటమాల్ ఆపేది దాన్ని. ఎండదెబ్బలో ఆ మెట్టు జరగదు, వేడి బయటికి పోలేక ఒళ్లు కాగిపోతుంది, అక్కడ ఈ మందుకి పని లేదు, పైగా దెబ్బతిన్న లివర్‌కి అదనపు భారం. చంకలో 103 అంటే లోపల ఇంకా ఎక్కువే, మలద్వారం దగ్గర చూడాలి. 40 డిగ్రీల సెంటీగ్రేడ్ (ఫారెన్‌హీట్‌లో 104) దాటి మాట తడబడుతుంటే ఎండదెబ్బే అనుకుని మొదలుపెట్టండి. చెమట పట్టింది కాబట్టి కాదులే అనుకోవద్దు, ఎండలో గట్టిపని చేసి పడిపోయినవాళ్లకి చెమట ఉండొచ్చు. బట్టలు వదులు చేసి ఒళ్లంతా నీళ్లు చల్లుతూ ఫ్యాన్ గట్టిగా తిప్పండి, ఐస్ ఉంటే మెడకీ చంకలకీ గజ్జలకీ పెట్టండి. సుమారు 39కి దిగాక ఆపండి. స్పృహ సరిగా లేనివాళ్లకి నోట్లో మజ్జిగ పోయనివ్వకండి. పెద్దాసుపత్రికి పంపాల్సి వచ్చినా చల్లబరచడం ముందు మొదలవ్వాలి, అంబులెన్స్‌లోనూ ఆగకూడదు.