స్పెయిన్‌కు పంపేముందు, ఎవరింట్లో ఉంటుందో చూడండి

ప్రశ్న: మా అమ్మాయి బీకాం పూర్తిచేసింది. ఆన్‌లైన్‌లో స్పానిష్ ఏ1 లెవెల్ (మొదటి మెట్టు) అయింది. ఆరు నెలలు స్పెయిన్‌లో ఉంటే భాష దానంతట అదే వచ్చేస్తుందని కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. పంపమంటారా? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: పంపండి, కానీ ఇప్పుడే వద్దు. ఊరు మారినంత మాత్రాన భాష రాదమ్మా. ఏ1తో వెళ్తే అక్కడివాళ్ల మాటల వేగం అందదు. బెరుకుతో మన పిల్లలతోనే ఫ్లాట్ తీసుకుంటే, ఆరు నెలలూ మాట్లాడేది తెలుగే అవుతుంది.

ముందు ఇక్కడే బీ1 (మధ్యస్థ స్థాయి) దాకా చదవనివ్వండి, ఏడాది పట్టినా సరే. హైదరాబాద్ ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ)లో స్పానిష్ విభాగం ఉంది. స్పెయిన్ ప్రభుత్వ సంస్థ ఇన్‌స్టిట్యూటో సెర్వాంటెస్‌కు ఢిల్లీలో కేంద్రం ఉంది. తెలుగు పిల్లలకు ఈ భాష అనుకున్నంత కష్టం కాదు, ఇంగ్లీషు మీదుగా నేర్చుకోకపోతే. మన నువ్వు, మీరు లాగే వాళ్లకు తూ, ఉస్తేద్ ఉన్నాయి. 'మె గుస్తా ఎల్ కఫే' అంటే అచ్చంగా 'నాకు కాఫీ ఇష్టం'. అందులో 'త' కూడా మన త లాంటిదే, ట కాదు.

ఊరు ఎంచుకోమంటే నేను సలమాంకా అంటాను. 1218 నుంచీ యూనివర్సిటీ ఉన్న చిన్న ఊరు, నడిచి తిరగొచ్చు. బార్సిలోనా మంచిదే కానీ అక్కడ కాటలాన్ భాష కూడా బాగా వినిపిస్తుంది, కొత్తవాళ్లకు తికమక.

అసలు డబ్బు పెట్టాల్సింది హోస్ట్ ఫ్యామిలీ మీద, అంటే అమ్మాయిని తమ ఇంట్లో ఉంచుకునే స్పానిష్ కుటుంబం మీద. అక్కడ మధ్యాహ్న భోజనం రెండు, మూడు గంటలకు. తిన్నాక ఎవరూ వెంటనే లేవరు, బల్ల దగ్గరే కబుర్లు సాగుతాయి. దాన్ని సోబ్రెమెసా అంటారు. క్లాసులో రాని మాటలు అక్కడ వస్తాయి: పక్కింటివాళ్ల సంగతులు, ధరల మీద గొణుగుడు, ఎదుటివాళ్ల మాటకు అడ్డుపడటం. రోజూ ఆ గంట దొరికితే చాలు, అమ్మాయి మారిపోతుంది. శాకాహారి అయితే ముందే రాయించండి. వెజిటేరియన్ అని మాత్రమే చెబితే సలాడ్‌లో ట్యూనా చేప వేసి ఇచ్చే అవకాశముంది. 'ని కార్నె, ని పెస్కాదో', అంటే మాంసమూ వద్దు, చేపా వద్దు అని స్పష్టంగా చెప్పాలి.

90 రోజులు దాటితే స్టూడెంట్ వీసా కావాలి. 2025 లెక్క ప్రకారం నెలకు 600 యూరోల చొప్పున ఖర్చులకు చూపించాలి, ఫీజు దీనికి అదనం. తిరిగి వచ్చేముందు స్పానిష్ ప్రావీణ్య పరీక్ష డెలేలో బీ2 (బీ1 పై మెట్టు) రాయించండి, ఆ సర్టిఫికెట్‌కు గడువు ఉండదు. బీకాం ఉంది కాబట్టి 'ఫాక్తూరా' (ఇన్వాయిస్) లాంటి అకౌంట్స్ మాటలు కూడా నేర్చుకోమనండి. ఒట్టి భాష కన్నా భాషతో పాటు అకౌంట్స్ తెలిసినవాళ్లకు దారులు ఎక్కువ.

కన్సల్టెన్సీకి అడ్వాన్స్ కట్టేముందు, స్కూలుకు సెర్వాంటెస్ గుర్తింపు ఉందా, ఇంట్లో ఇంకెంతమంది విద్యార్థులు ఉంటారు అని రాతపూర్వకంగా అడగండి. చెప్పకపోతే నేరుగా స్కూలుకే మెయిల్ పెట్టండి. ఆ మెయిల్ మీ అమ్మాయే స్పానిష్‌లో రాయాలి.