వంకర ముక్కలతో బొంత కుట్టొచ్చా?

ప్రశ్న: మా వీధి టైలరమ్మ జాకెట్లు కుట్టగా మిగిలిన ముక్కలు సంచెడు ఇచ్చింది. మెడ దగ్గరవి, చంక దగ్గరవి, అన్నీ వంకరటింకరే. మనవరాలికి బొంత కుడదామని చదరంగా కత్తిరిస్తుంటే సగం గుడ్డ చెత్తలోకే పోతోంది. మిషన్ లేదు, చేత్తోనే కుట్టాలి. ఏదైనా దారి ఉందా మేడం? – ఓ పాఠకురాలు, తణుకు

జవాబు: ముందు ఆ కత్తెర పక్కన పెట్టండి. ఇలాంటి ముక్కలకు సరిపోయే పద్ధతి పక్క రాష్ట్రంలోనే ఉంది. కర్ణాటకలో హళియాళ, యల్లాపుర వైపు సిద్దీలని ఉంటారు, ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల సంతతి. వాళ్ల ఆడవాళ్లు కుట్టే బొంతని కవంది అంటారు. ముక్కల్ని ముందే ఒకదానికొకటి అతుక్కుని కూర్చునే పని ఉండదందులో. అడుగున పాత చీర పరుచుకుని, ఓ మూల నుంచి మొదలుపెట్టి, ముక్క అంచుని పావంగుళం లోపలికి మడిచి నేరుగా చీర మీదే పరుగు కుట్టు (రన్నింగ్ స్టిచ్) వేసేస్తారు, దాని పక్కన ఇంకో ముక్క మొదటిదాని అంచు మీదికి కాస్త ఎక్కేలా పెట్టి మళ్లీ కుట్టు, అలా అంచుల వెంబడి చుట్టూ తిరుగుతూ మధ్యకి వస్తారు. అతకడం, పొరలు కలిపి కుట్టడం రెండూ ఒక్కసారే అయిపోతాయి. వంపు మరీ ఎక్కువున్న చోట గుడ్డ మడత పడకుండా మొరాయిస్తుంది, అక్కడ చిన్న గాటు పెట్టండి. మూలల్లో త్రికోణంలా మడిచిన చిన్న ముక్కలు కూడా పెడతారు వాళ్లు, చాలా ముద్దుగా ఉంటాయి.

పాపాయికి కాబట్టి కాటన్ ముక్కలే ఏరుకోండి, జరీ గుచ్చుకుంటుంది. కాటన్ మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది, పాలిస్టర్ పోదు, రెండూ కలిపితే బొంత ముడతలు పడిపోతుంది. అన్నిటినీ ముందే ఓసారి ఉతికి ఆరేయండి. ఎరుపు, మెరూన్ ముక్కల్ని తడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడండి, రంగు అంటితే విడిగా ఉతకాలి, అప్పటికీ కారుతుంటే గుమ్మం ముందు పట్టాకి వాడుకోండి. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు ఆగుతుందంటారు గానీ దాని మీద భరోసా పెట్టుకోవద్దు.

ప్రశ్న: నాలుగు కుట్లు వేసేసరికి దారం ముడిపడిపోతోంది, సూది పొరల్లోంచి దిగట్లేదు. టెన్షన్ వచ్చి పక్కన పడేశాను. – ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: దారం పొడుగ్గా తీస్తున్నారేమో. మాటిమాటికీ ఎక్కించే బద్ధకం కొద్దీ అందరం బారెడు తీస్తాం, మూరెడు చాలు. కుట్టే కొద్దీ దారం మెలి తిరుగుతుంది, అందుకని మధ్యమధ్యలో సూదిని కిందికి వేలాడదీసి వదిలేయండి, గిర్రున తిరిగి మెలి అదే విప్పుకుంటుంది. దారాన్ని ఓసారి కొవ్వొత్తి మీదుగా లాగితే చిక్కు ఇంకా తగ్గుతుంది. మిగిలిపోయిన ఎంబ్రాయిడరీ దారమైతే ఆరు పోగులుంటాయి, మొత్తం ఎక్కించకుండా మూడు పోగులు విడదీసి వాడండి. సూది దిగట్లేదంటే దబ్బనం పట్టుకోకండి, గుడ్డకి బొక్కలు పడతాయి. లోపల దుప్పటి పెట్టారా? దాని నేత బిగుతు, తీసేసి బాగా ఉతికి మెత్తబడిన చీర రెండు మడతలు పెట్టి చూడండి.