19 ఏళ్లకే దవడ కీలు అరుగుతుందా?

మీకు 19 ఏళ్లు, నమిలితే చెవి ముందు నొప్పి, శబ్దం, స్కాన్‌లో దవడ కీలు అరిగిందన్నారు, ఈ వయసులో అరుగుదలేమిటని అడిగారు. అరుగుతుందండీ. నాకు 20 ఏళ్లకే అరిగింది.

ఇంటర్‌లో ఉన్నప్పుడు ఆవలిస్తే కుడి చెవి ముందు 'టక్' మనేది. డిగ్రీ రెండో ఏడాదిలో ఆ శబ్దం పోయింది. తగ్గిందని సంతోషించాను. కొన్నాళ్లకే అన్నం నములుతుంటే ఇసుక నలిగినట్టు కరకర మొదలైంది. చెవిపోటనుకుని చెవి డాక్టరు దగ్గరికి, జ్ఞానదంతమనుకుని పళ్ల డాక్టరు దగ్గరికి తిరిగాం. పన్ను పీకించుకున్నా నొప్పి అలాగే ఉంది.

ఒకరోజు ఉప్మాలో కరివేపాకు ముందు పళ్లతో కొరకబోతే తెగలేదు. అద్దంలో చూసుకుంటే వెనక పళ్లు ఆనుకునే ఉన్నాయి, ముందు పళ్ల మధ్య మాత్రం నాలుక కొస దూరేంత సందు. పాత ఫోటోలు తీస్తే గడ్డం కూడా వెనక్కి వెళ్లినట్టు తెలిసింది. అమ్మ ఆ ఫోటోలు పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు.

ఎమ్మారై చేశాక మాక్సిలోఫేషియల్ సర్జన్ (దవడ, ముఖం ఎముకలకు ఆపరేషన్లు చేసే డాక్టరు) విడమరిచి చెప్పారు. కింది దవడ ఎముక పైకొసని కాండైల్ అంటారు. దాని మీద దిండులా ఉండే చిన్న డిస్క్ ముందుకు జారి మళ్లీ చోటికి వస్తుంటే టక్‌మంటుంది. ఉత్తి టక్ చాలామందికి ఉంటుంది, నొప్పి లేకపోతే భయం అక్కర్లేదు. కీలు లోపల గరుకైతే కరకర వస్తుంది. రెండు వైపులా కాండైల్ కరిగి పొట్టిదైతే దవడ వెనక్కి జరిగి ముందు పళ్లు విడిపోతాయి. ఇది టీనేజీలో, ఇరవైల్లో ఉన్న ఆడపిల్లల్లోనే ఎక్కువ. కీళ్లవాతం వల్ల కూడా రావచ్చని నాకు రక్తపరీక్షలు చేయించారు. అందులో ఏమీ లేదు. చాలామందికి కారణం తేలదట.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. పళ్ల మధ్య సందు చూసి వెంటనే క్లిప్పులు వేయించుకోకండి. నాకూ మొదట వేయించుకోమనే సలహా ఇచ్చారు. ఎముక ఇంకా కరుగుతుండగా పళ్లు సర్దితే మళ్లీ విడిపోతాయని, ముందు అరుగుదల ఆగిందని తేలాలని సర్జన్ ఆపారు. ఆరోజు ఆయన ఆపకపోతే ఆ ఖర్చు, ఆ కష్టం రెండూ వృథా అయ్యేవి.

నాకు పనికొచ్చినవి: రాత్రిపూట స్ప్లింట్ (పళ్లకు తొడుక్కునే ప్లాస్టిక్ తొడుగు), ఫిజియోథెరపీ, వేడి కాపడం, మూడు నెలలు పెరుగన్నం, ఇడ్లీ, మెత్తటి పప్పు. చెగోడీలు, చెరకు ఇప్పటికీ ముట్టను. ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి పెడతాను. పరీక్షల టెన్షన్‌లో పళ్లు బిగబట్టే అలవాటు ఉండేది. పెదాలు మూసి, పళ్లు విడిగా ఉంచడం నేర్చుకునేసరికి ఆరు నెలలు పట్టింది.

ఇప్పుడు నాకు 26. మూడేళ్లుగా ఎక్స్‌రేల్లో మార్పు లేదు, క్లిప్పుల సంగతి ఇప్పుడే మాట్లాడుతున్నాం. నెలకోసారి పళ్లు కలిపి, పెదాలు విడదీసి ఎదురుగా ఫోటో తీసుకుంటాను, డాక్టరుగారు ప్రతిసారీ వాటినే ముందు అడుగుతారు. మీరు కూడా మొదటి ఫోటో ఈరోజే తీసిపెట్టుకోండి.