గ్రీన్ కార్డు ఎన్నేళ్లు చెల్లుతుంది? కార్డుని కాదు, మా అమ్మని అడగండి

అమెరికా గ్రీన్ కార్డు ఎన్నేళ్లు చెల్లుతుందని అడిగారు. మామూలుగా పదేళ్లు. పెళ్లి ద్వారా వచ్చి, మంజూరయ్యే నాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే రెండేళ్ల కార్డే ఇస్తారు. అది ముగిసే ముందు 90 రోజుల్లో ఐ-751 అనే ఫారం (ఆ రెండేళ్ల షరతు తీసెయ్యమని అడిగేది) వేసుకోవాలి. ఇంతే, మీ ప్రశ్నకు జవాబు అయిపోయింది.

కానీ ఆ తేదీని చూసుకుని గుండె మీద చెయ్యి వేసుకుని పడుకునేవాళ్లకి ఒక మాట. మా అమ్మ కార్డు మీద ఇంకా ఏడేళ్ల గడువుంది. చెల్లి పురుడని తెనాలి వెళ్లింది. పురుడయ్యింది, బాలసారె అయ్యింది, ఇంతలో మామిడికాయలొచ్చాయి. ఆవకాయ పెట్టి బయలుదేరేసరికి పదకొండు నెలలు! ఇక్కడ అమెరికాలో దిగాక ఇమిగ్రేషన్ ఆఫీసరు ఫోన్లో తెలుగు దుబాసీని పెట్టి, "మీరు ఎక్కడ ఉంటారమ్మా?" అని అడిగించాడు. "మాది తెనాలి బాబూ" అంది మా తల్లి.

ఇంకేముంది, పక్క గదిలో మూడు గంటలు. బయట నాకు టెన్షన్. ఐ-407 అనే కాగితం ముందు పెట్టి సంతకం చెయ్యమన్నారట. చేస్తే కార్డు వదులుకున్నట్టే. పొలం గొడవలో చదవకుండా సంతకం పెట్టి తాతయ్య ఎకరం పోగొట్టుకున్న ఇల్లు మాది. "మా అబ్బాయిని అడక్కుండా వేలు కూడా పెట్టను" అని కూర్చుంది. చివరికి హెచ్చరించి వదిలారు. ఆ సంతకం తప్పనిసరి కాదు, జడ్జి ముందు చెప్పుకుంటామని అడగొచ్చు. ఈ సంగతి ఎవరూ చెప్పరు.

"ఆర్నెల్లకోసారి వచ్చి ముఖం చూపిస్తే చాలు" అని వాట్సాప్‌లో పంచే బాబాయిలకు దండం. అలాంటి రూలేమీ లేదు. ఆఫీసర్లు చూసేది మీ కాపురం ఎక్కడుందని. ఏడాది దాటేలా ఉంటే వెళ్లే ముందే, ఇక్కడ ఉండగానే ఐ-131 ఫారం వేసి రీఎంట్రీ పర్మిట్ (తిరిగి రావడానికి అనుమతి పత్రం) తీసుకోండి.

తమాషా ఏంటంటే, పదేళ్ల కార్డు గడువు దాటినా శాశ్వత నివాసి హోదా పోదు. కొత్త కార్డుకి ఐ-90 ఫారం వేస్తే వచ్చే రసీదే పాత కార్డు గడువుని 36 నెలలు పొడిగిస్తుంది. 1979-89 మధ్య ఇచ్చిన కొన్ని కార్డుల మీదైతే గడువు తేదీయే లేదు. నన్నడిగితే, అయిదేళ్లు నిండగానే సిటిజన్‌షిప్‌కి వేసెయ్యాలి. అమ్మ మాత్రం ససేమిరా అంటోంది.

"ఎక్కడ ఉంటారంటే ఫ్రిస్కో అను" అని, ఇక్కడ మేముండే ఊరి పేరు నేర్పించాను. పోయినసారి అన్నది కూడా: "ఫ్రిస్కోయే బాబూ. కానీ మాది తెనాలి."